ఆరు వేల గంటలు: అమెరికాలో వ్యసన కౌన్సెలర్ వృత్తి పుట్టుక

అమెరికాలో తాగుడు, మత్తుమందుల అలవాటు మాన్పించే కౌన్సెలర్‌గా స్థిరపడాలంటే ఇవాళ ఏదో ఒక రాష్ట్రం గుర్తించిన సర్టిఫికెట్టో లైసెన్సో చేతిలో ఉండాలి. దానికోసం వందల గంటలు తరగతిలో కూర్చోవాలి, పరీక్ష రాయాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, అనుభవం ఉన్న మరొకరి పర్యవేక్షణలో వేల గంటలు పనిచేసి, ఆ గంటలకు సంతకాలు పెట్టించుకోవాలి. చాలా రాష్ట్రాలు ప్రమాణంగా తీసుకునే లెక్క 6,000 గంటలు. వారానికి నలభై గంటల చొప్పున అది దాదాపు మూడేళ్ల పని. ఈ లెక్కలో ఒక విశేషం ఉంది. డిగ్రీ ఉన్నవారికి గంటలు తగ్గుతాయి, లేనివారికి పూర్తిగా పడతాయి. కానీ చాలాచోట్ల డిగ్రీ లేనంత మాత్రాన తలుపు మూసుకోదు. వైద్యంలో ఊహించలేని ఈ వెసులుబాటు ఇక్కడ ఎందుకుందో తెలియాలంటే, ఈ పనికి మొదట్లో ఉన్న అర్హత ఏమిటో చూడాలి. తాను ఒకప్పుడు తాగి, మానేసి ఉండటమే ఆ అర్హత.

1840 ఏప్రిల్‌లో బాల్టిమోర్ నగరంలోని ఒక మద్యం దుకాణంలో కూర్చున్న ఆరుగురు ఇక చుక్క ముట్టబోమని ఒట్టు పెట్టుకుని సంఘం కట్టారు. వాషింగ్టోనియన్లుగా పేరుపడ్డ వీరి పద్ధతి చాలా సులువైనది. చర్చిలో పాదిరీ చెప్పే నీతి కన్నా, నిన్నటిదాకా పక్కన కూర్చుని తాగినవాడు లేచి నిలబడి చెప్పే సొంత కథ తాగేవాడి చెవికి బాగా ఎక్కుతుంది. సంఘం కొన్నేళ్లకే చెదిరిపోయింది గాని, అందులోంచి వచ్చిన జాన్ గఫ్, జాన్ హాకిన్స్ లాంటివారు ఊరూరా తిరిగి ఉపన్యాసాలివ్వడాన్నే బతుకుతెరువు చేసుకున్నారు. 1845లో గఫ్ న్యూయార్క్‌లో మళ్లీ తాగి దొరికిపోయాడు. పత్రికలకు పండగైంది. మానినవాణ్ని నమ్మి పని అప్పగిస్తే, ఆ మానినవాడే జారితే ఎలా అన్న ప్రశ్న అప్పటిదే. తర్వాతి నూటయాభై ఏళ్ల నియమాలన్నిటి అడుగునా ఆ ప్రశ్న కనబడుతూనే ఉంటుంది.

అదే ప్రశ్న ఆసుపత్రుల్లోకి కూడా వచ్చింది. లెస్లీ కీలీ అనే డాక్టరు 1879లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని డ్వైట్ అనే చిన్న ఊళ్లో ‘బంగారం మందు’ ఇంజెక్షన్లతో తాగుడు మాన్పిస్తానని మొదలుపెట్టి, దేశమంతా శాఖలు తెరిచాడు. మందులో ఏముందో ఎవరికీ చెప్పలేదు. అందులో బంగారం ఏపాటిదో కూడా అనుమానమే. ఆ కేంద్రాల్లో పనిచేసిన డాక్టర్లలో చాలామంది స్వయంగా అక్కడే చికిత్స పొందినవారు. తాగుబోతుల చికిత్సపై వెలువడే త్రైమాసిక వైద్య పత్రికకు సంపాదకుడైన టి. డి. క్రాదర్స్‌కు ఇది బొత్తిగా నచ్చలేదు. ఒకసారి వ్యసనంలో పడ్డ మెదడు ఇంకొకరికి నయం చేసే సత్తువను కోల్పోతుందని ఆయన 1890ల్లో వాదించాడు. రోగికి రోగమే చదువని ఒక పక్షం, రోగమే అనర్హత అని మరో పక్షం. ఈ రెండు పక్షాలూ ఆ తర్వాత పేర్లు మార్చుకున్నాయే తప్ప రాజీపడలేదు.

డాక్టరు కాకుండా, పాదిరీ కాకుండా, ఉపన్యాసకుడూ కాకుండా, గదిలో ఎదురెదురుగా కూర్చుని మాట్లాడినందుకు జీతం తీసుకున్న తొలితరం మనిషిగా చరిత్రకారులు చూపే పేరు కోర్టనే బేలర్. బోస్టన్‌లోని ఇమాన్యుయెల్ చర్చిలో ఎల్వుడ్ వర్సెస్టర్ అనే మతాధికారి 1906లో మానసిక చికిత్స, ప్రార్థన కలిపి ఒక వైద్యశాల నడపడం మొదలుపెట్టాడు. బీమా ఏజెంటుగా పనిచేసే బేలర్ 1911లో అక్కడికి వెళ్లి తాగుడు మానాడు. కొద్దికాలానికే ఆ వైద్యశాలే అతన్ని పనిలో పెట్టుకుంది. ఆ బాటలోనే వచ్చిన రిచర్డ్ పీబడీ సొంతంగా రోగుల్ని చూస్తూ, 1931లో తన పద్ధతిని పుస్తకంగా రాశాడు. వీళ్లకు చదువు లేదని కాదు. చేస్తున్న పనికి సంబంధించిన చదువంటూ అప్పటికి ఎక్కడా లేదు. రోగిగా వచ్చినవాడు గురువు దగ్గర నేర్చుకుని తానే గురువు కావడం పాత చేతివృత్తుల సంప్రదాయం. పర్యవేక్షణలో పని అనే మాటకు వేరు అక్కడుంది.

1935లో ఒహాయో రాష్ట్రంలోని ఏక్రన్‌లో బిల్ విల్సన్ అనే షేర్ల వ్యాపారి, బాబ్ స్మిత్ అనే సర్జన్ కలిసి ఆల్కహాలిక్స్ అనానిమస్‌కు పునాది వేశారు. మానినవాడి మాటకున్న బలాన్ని ఇంత పెద్దయెత్తున నిరూపించిన సంస్థ మరొకటి లేదు. అయినా ఆ మాటను అమ్ముకోవడానికి అది ఒప్పుకోలేదు. తొలి రోజుల్లోనే న్యూయార్క్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రి యజమాని చార్లెస్ టౌన్స్, తన దగ్గర జీతానికి చేరమని విల్సన్‌ను పిలిచాడు. చేతిలో చిల్లిగవ్వ లేని విల్సన్ సంతోషంగా ఇంటికొచ్చి చెబితే, తోటివాళ్లు వద్దన్నారు. ఆయన మానుకున్నాడు. 1950లో ఆమోదం పొందిన పన్నెండు సంప్రదాయాల్లో ఎనిమిదోది ఈ పాఠాన్నే సూత్రంగా మార్చింది: సంస్థ పని ఎప్పటికీ వృత్తి కాదు, కార్యాలయాల నిర్వహణకు మాత్రం జీతగాళ్లను పెట్టుకోవచ్చు. పగలు జీతానికి కౌన్సెలింగ్ చేస్తూ, సాయంత్రం ఉచితంగా తోటి సభ్యుడికి చేయూతనిచ్చే మనిషి రెండు టోపీలు మార్చుకోవలసి వచ్చింది. ఏ గంటకు ఏ టోపీ అన్న తకరారు ఆ రంగంలో ఇంకా తీరలేదు.

వృత్తికి ప్రభుత్వ ముద్ర మొదట పడింది మిన్నెసోటాలో. ఆ రాష్ట్రంలోని విల్‌మార్ పట్నంలో 1912లో తాగుబోతుల కోసం తెరిచిన ప్రభుత్వ ఆసుపత్రి ఉండేది. కాలక్రమంలో అందులో మానసిక రోగులనూ చేర్చుకుని, వారిని, తాగుబోతులను ఒకేచోట ఉంచేవారు. 1950లో సూపరింటెండెంటుగా వచ్చిన నెల్సన్ బ్రాడ్లీ, ఆయనతో పనిచేసిన యువ మనస్తత్వవేత్త డాన్ ఆండర్సన్ ఒక సంగతి గమనించారు. తాగుడు గురించి తమకు తెలిసింది తక్కువ, పక్క ఊళ్లలో ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలకు వెళ్లి మానినవారికి తెలిసింది ఎక్కువ. అయితే వాళ్లను ఆసుపత్రిలోకి తెచ్చేదెలా? ప్రభుత్వ కొలువుల జాబితాలో వాళ్లు సరిపోయే ఉద్యోగమే లేదు. డాక్టరు ఉన్నాడు, నర్సు ఉంది, సోషల్ వర్కర్ ఉన్నాడు, ఊడ్చేవాడు ఉన్నాడు. మానిన తాగుబోతుకు గడి లేదు.

ఆ గడి 1954లో ఏర్పడింది. గవర్నర్ సి. ఎల్మర్ ఆండర్సన్ హయాంలో రాష్ట్ర సివిల్ సర్వీసులో ‘మద్యపాన కౌన్సెలర్’ అనే కొత్త ఉద్యోగం చేరింది. దానికి పెట్టిన అర్హతలు రెండు: హైస్కూలు చదువు, రెండేళ్లుగా తాగకుండా ఉండటం. ఒక ప్రభుత్వం మనిషి వ్యసనపు గతాన్ని నేరంగానో మచ్చగానో కాక ఉద్యోగార్హతగా రాసుకోవడం అరుదైన సంగతి. కాలాన్ని కొలిచి అర్హతగా మార్చే అలవాటు కూడా ఈ ఉద్యోగంతోనే మొదలైంది. అప్పుడు కొలిచింది తాగకుండా గడిపిన ఏళ్లని. తర్వాతి తరం పనిచేసిన గంటల్ని కొలిచింది. తెల్లకోటు వేసుకున్నవారు, నిన్న మొన్నటిదాకా రోగుల వార్డులో ఉన్నవారు ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఒకే రోగి గురించి మాట్లాడటం సిబ్బందిలో కొందరికి మింగుడుపడలేదు. కానీ ఆ బల్లే ‘మిన్నెసోటా పద్ధతి’కి గుర్తయింది. 1949లో సెంటర్ సిటీ దగ్గర ఒక పొలంలో మొదలైన హేజెల్డన్ సంస్థకు ఆండర్సన్ 1961లో వెళ్లాడు. పద్ధతి అక్కడ స్థిరపడి, అక్కడినుంచి ప్రపంచమంతటా పాకింది. చెన్నైలో 1980లో టి. టి. రంగనాథన్ పేరిట వ్యసన చికిత్సా సంస్థను నెలకొల్పిన శాంతి రంగనాథన్ శిక్షణ పొందింది కూడా హేజెల్డన్‌లోనే. దక్షిణ భారతంలో డీ-అడిక్షన్ కౌన్సెలింగ్‌కు ఒక పాయ అలా మిన్నెసోటా పొలాలనుంచి వచ్చింది.

1956లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ మద్యపాన వ్యసనాన్ని జబ్బుగా అంగీకరించాక, జబ్బుకు చికిత్స చేసేవాడి అర్హత గురించిన వాదన ముదిరింది. మద్యపాన అధ్యయనాలకు పేరుపడ్డ త్రైమాసిక పత్రికలో 1963లో హెన్రీ క్రిస్టల్, రాబర్ట్ మూర్ ఇదే ప్రశ్న మీద తలపడ్డారు. సైకోథెరపీలో తర్ఫీదు పొందినవారే చేయాలని ఒకరు, అంత గిరి గీయనక్కరలేదని మరొకరు. వాదన అలా ఉండగానే పేదరిక నిర్మూలన పథకాల డబ్బు మురికివాడల్లో కౌన్సెలర్లను పెట్టింది. 1958లో కాలిఫోర్నియాలో మొదలైన సినెనాన్, 1963లో న్యూయార్క్‌లో మొదలైన డేటాప్ లాంటి చోట్ల హెరాయిన్ మానినవారే రోజువారీ పనులు చాలావరకు నడిపారు. అయితే తాగుడు మానినవారిదీ, మత్తుమందు మానినవారిదీ వేర్వేరు లోకం. ఒకరి కేంద్రంలో ఇంకొకరికి చోటుండేది కాదు.

1970 డిసెంబరు 31న అధ్యక్షుడు నిక్సన్ సంతకంతో వచ్చిన చట్టం అన్నిటినీ కదిలించింది. అయోవా నుంచి అమెరికా సెనేట్‌కు ఎన్నికైన హెరాల్డ్ హ్యూస్ పేరుతో పిలిచే చట్టమది. ట్రక్కు నడిపి, తాగి, మానేసి, గవర్నరై, సెనేటరైన హ్యూస్ తన గతాన్ని దాచుకోలేదు. ఆ చట్టంతో మద్యపాన సమస్యకు ఒక జాతీయ సంస్థ ఏర్పడింది. 1974లో మత్తుమందులకూ మరొకటి వచ్చింది. కేంద్ర నిధులు రాష్ట్రాలకు పారాయి. ఊరూరా కేంద్రాలు తెరుచుకున్నాయి. కూర్చోబెట్టడానికి మనుషులు కావాలి. రోగిగా వచ్చినవాడు ఆరు నెలల తర్వాత కౌన్సెలర్ కుర్చీలో కనబడటం ఆ రోజుల్లో వింత కాదు. అలా కూర్చున్నవారిలో కొందరు పని భారానికి కుంగి, మళ్లీ తాగుడులో పడ్డారు. గఫ్ కథే ఇప్పుడు వార్డు వార్డునా. ఇంతలో బీమా కంపెనీలు, ఆసుపత్రుల నాణ్యతను తనిఖీ చేసే సంస్థలు కూడా ఒకటే మాట అడగసాగాయి: ఈ పనివాడు ఎవరు, ఎవరు ఒప్పుకున్నారు ఇతన్ని?

జవాబు చెప్పే తొలి ప్రయత్నం 1974లో జరిగింది. మద్యపాన కౌన్సెలర్లకు జాతీయ ప్రమాణాలు ప్రతిపాదిస్తూ, కేంద్ర ప్రభుత్వం తరఫున లిటిల్‌జాన్ అనే సలహా సంస్థ ఒక నివేదిక సిద్ధం చేసింది. జాతీయ సర్టిఫికెట్టు మాత్రం రాలేదు. అమెరికాలో వృత్తులకు లైసెన్సు ఇచ్చే అధికారం రాష్ట్రాలది. మంగలి నుంచి మెదడు సర్జన్ దాకా అందరికీ రాష్ట్రమే ముద్ర వేయాలి. అందుకని 1970ల్లో రాష్ట్రానికొక సర్టిఫికేషన్ బోర్డు వెలసింది. వాటిలో చాలావాటిని ప్రభుత్వం కాదు, కౌన్సెలర్లే కలిసి పెట్టుకున్నారు. వాళ్ల జాతీయ సంఘం కూడా ఆ దశకంలోదే. నేడు నాడాక్ అనే పొట్టి పేరుతో పిలుస్తున్న సంఘం అది. బోర్డులు ఎక్కువయ్యేసరికి కొత్త చిక్కు వచ్చింది. ఒక రాష్ట్రంలో సర్టిఫికెట్టున్న కౌన్సెలర్ సరిహద్దు దాటితే కాగితం చెల్లదు. 1981లో మధ్య పశ్చిమ ప్రాంతంలోని మూడు రాష్ట్రాల బోర్డులు, ఒకరి సర్టిఫికెట్టును ఇంకొకరు గౌరవించాలని ఒప్పందం చేసుకున్నాయి. ఆ ఒప్పందమే పెరిగి ఐసీ అండ్ ఆర్సీ అనే అంతర్జాతీయ సంస్థ అయింది.

పరస్పరం గౌరవించుకోవాలంటే ఉమ్మడి కొలబద్ద కావాలి. 1984లో బర్చ్ అండ్ డేవిస్ అనే సంస్థ తయారుచేసిన నమూనా ప్రమాణాల ప్రభావంతో కౌన్సెలర్ పనిని పన్నెండు విధులుగా విడదీశారు. వచ్చినవాడికి ఈ చికిత్స సరిపోతుందో లేదో జల్లెడ పట్టడం, చేర్చుకోవడం, కేంద్రం పద్ధతులు వివరించడం, సమస్యను అంచనా కట్టడం, చికిత్సా ప్రణాళిక వేయడం, కౌన్సెలింగ్, వ్యవహారాల సమన్వయం, ఆపద వేళ ఆదుకోవడం, అవగాహన కల్పించడం, అవసరమైతే మరోచోటికి పంపడం, రికార్డులు రాయడం, ఇతర నిపుణులను సంప్రదించడం. జాబితా చదివితే ఒకటి స్పష్టమవుతుంది. కౌన్సెలింగ్ అనే మాట పన్నెండింట్లో ఒకటే. మిగతావి చాలావరకు కాగితంతోనూ ఫోనుతోనూ నడిచే పనులు. సొంత కథ చెప్పుకోవడం ఆ జాబితాలో ఎక్కడా లేదు. రాతపరీక్షతో పాటు, అభ్యర్థి తాను చూసిన ఒక కేసును రాసి, పరీక్షకుల ఎదుట ఈ పన్నెండు విధుల క్రమంలో వివరించే మౌఖిక పరీక్ష కూడా చాలాకాలం ఉండేది. చాలామంది కౌన్సెలర్లకు చెమటలు పట్టించిన ఆ ఘట్టాన్ని తర్వాత ఎత్తేశారు.

గంటల లెక్క స్థిరపడింది ఈ దశలోనే. ఐసీ అండ్ ఆర్సీ మూల సర్టిఫికెట్టుకు 6,000 గంటల పని, 300 గంటల చదువు, 300 గంటల పర్యవేక్షణ అడిగింది. రెండేళ్ల కాలేజీ డిగ్రీ ఉంటే పని 5,000 గంటలకూ, సంబంధిత విషయంలో బ్యాచిలర్ డిగ్రీ ఉంటే 4,000కూ, మాస్టర్స్ ఉంటే 2,000కూ తగ్గుతుంది. ఈ పట్టికను రాజీపత్రంగా చదవాలి. విశ్వవిద్యాలయం నుంచి వచ్చినవారికీ వార్డు నుంచి వచ్చినవారికీ మధ్య ఎవరు గొప్ప అని తేల్చలేక, ఇద్దరినీ ఒకే నాణెంతో తూచారు. ఆ నాణెం గంట. మాస్టర్స్ డిగ్రీ విలువ 4,000 గంటలని ఏ శాస్త్రమూ చెప్పలేదు. బేరంలో కుదిరిన ధర అది.

గంటలో ఏం జరిగిందన్నది మాత్రం వేరే విషయం. 6,000కు 300 అంటే ఇరవై గంటల పనికి ఒక గంట పర్యవేక్షణ. చాలా కేంద్రాల్లో ఆ గంట, సూపర్‌వైజర్ కేసు కాగితాలు తిరగేసి, ‘ఈ రోగి ఎలా ఉన్నాడు’ అని అడిగి, సంతకం పెట్టడంతో గడిచిపోయేది. కౌన్సెలర్ తాను చెప్పదలచుకున్నదే చెప్పేవాడు. గదిలో నిజంగా ఏం మాట్లాడాడో విన్నవారు లేరు. సూపర్‌వైజర్లు కూడా ఆ పని నేర్చుకుని వచ్చినవారు కాదు, మంచి కౌన్సెలర్ గనక పదోన్నతి పొందినవారు. డేవిడ్ పవెల్ 1993లో ఈ రంగానికి ప్రత్యేకంగా పర్యవేక్షణ మీద రాసిన పుస్తకం ఆ ఖాళీని చూపించింది. 2007లో కేంద్ర ఆరోగ్యశాఖ పర్యవేక్షకుల నైపుణ్యాల మీద ఒక సంపుటం, 2009లో మరో మార్గదర్శిని వెలువరించింది. వాటి సారం సూటిగానే ఉంటుంది: నివేదిక వినడం చాలదు, గదిలో కూర్చునో, వీడియోలోనో కౌన్సెలర్ పనిచేస్తుండగా చూడాలి. పర్యవేక్షకుడికీ విడిగా సర్టిఫికెట్టు వచ్చింది. చూసేవాణ్ని చూసేదెవరన్న ప్రశ్నకు ఆ కాగితం కొంతమేరకే జవాబు.

1998లో కేంద్ర ప్రభుత్వం వెలువరించిన మరో పుస్తకం కౌన్సెలర్‌కు ఉండాల్సిన జ్ఞానం, నైపుణ్యం, వైఖరులను 123 అంశాలుగా పేర్చింది. 2006లో దాన్ని సవరించారు. కాలేజీలు పాఠ్యక్రమాలు దాన్నిబట్టే రాసుకున్నాయి. సర్టిఫికెట్టు మెల్లగా లైసెన్సుగా మారసాగింది. ఈ రెండింటికీ తేడా ఉంది: సర్టిఫికెట్టు మనిషికి నైపుణ్యం ఉందని చెబుతుంది, లైసెన్సు అది లేనివాడు పని చేయకూడదని చెబుతుంది. హైస్కూలు చదువు, రెండేళ్ల నిగ్రహంతో వృత్తిని మొదలుపెట్టిన మిన్నెసోటాయే 1992లో లైసెన్సు చట్టం చేసి, క్రమంగా బ్యాచిలర్ డిగ్రీ, 270 గంటల ప్రత్యేక చదువు, 880 గంటల పర్యవేక్షిత శిక్షణ అడిగే స్థితికి చేరింది. కొత్త చట్టాలు వచ్చినప్పుడు పాతవారిని అలాగే కొనసాగనిచ్చే వెసులుబాటు చాలాచోట్ల ఉండేది. ఆ తరం రిటైరయ్యాక పాత అర్హత కూడా వారితోనే వెళ్లిపోయింది. మానిన ఏళ్ల నియమం సడలడానికి చట్టపరమైన కారణమూ ఉంది. 1990 నాటి వైకల్యుల హక్కుల చట్టం వ్యసనం నుంచి కోలుకున్నవారికి వివక్ష నుంచి రక్షణ ఇచ్చింది. దాంతో గతాన్ని అడగడమే ఇరకాటమైంది. ఎన్నేళ్లుగా మానావన్న ప్రశ్న వెనక్కి జరిగి, ఎన్ని గంటలు చేశావన్నదే ముందుకొచ్చింది.

రాష్ట్రాల మధ్య తేడాలకు న్యూయార్క్, కాలిఫోర్నియా రెండు కొసలు. న్యూయార్క్‌లో ప్రభుత్వ విభాగమే సర్టిఫికెట్టు ఇస్తుంది. 350 గంటల చదువు, 6,000 గంటల పని, డిగ్రీ ఉంటే మినహాయింపు. మధ్యలో శిక్షణార్థి హోదా. కాలిఫోర్నియాలో 2005 ఏప్రిల్ 1 దాకా కౌన్సెలర్లకు రాష్ట్రవ్యాప్త నియమమే లేదు. ఆనాటి నిబంధనలు కేంద్రాల్లో కౌన్సెలింగ్ చేసేవారిలో కనీసం 30 శాతం మందికి లైసెన్సో సర్టిఫికెట్టో ఉండాలన్నాయి. మిగతావారు పేరు నమోదు చేసుకుని, ఐదేళ్లలో 155 గంటల తరగతులు, 160 గంటల పర్యవేక్షిత శిక్షణ, 2,080 గంటల పని ముగించాలి. సర్టిఫికెట్టు ఇచ్చేది మాత్రం ప్రైవేటు సంస్థలు, అదీ ఒకటి కాదు, అనేకం. దాని ఫలితం 2013లో రాష్ట్ర సెనేట్ పరిశీలనా విభాగం నివేదికలో బయటపడింది. తప్పు చేసి ఒక సంస్థ దగ్గర సర్టిఫికెట్టు పోగొట్టుకున్నవాడు మరో సంస్థ గుమ్మం ఎక్కగలుగుతున్నాడు. నేరచరిత్ర తనిఖీ తప్పనిసరి కాదు. వేల గంటల లెక్క రాసుకున్న వ్యవస్థ, ఆ గంటలు ఎవరివో చూడటం మరచిపోయింది.

2008 నాటి చట్టం వ్యసన చికిత్సకు బీమాలో ఇతర జబ్బులతో సమానంగా చోటిచ్చింది. 2010 నాటి ఆరోగ్య సంస్కరణ ఆ చోటును విస్తరించింది. బిల్లు చెల్లించేవాడు పెరిగేకొద్దీ మాస్టర్స్ డిగ్రీ, లైసెన్సు ఉన్నవారికే గిరాకీ పెరిగింది. తాగి మానినవాడు ముందు గుమ్మంలోంచి మెల్లగా తప్పుకున్నాడు.

కానీ అతను పక్క గుమ్మంలోంచి మళ్లీ వచ్చాడు. 1999లో జార్జియా రాష్ట్రం, మానసిక రుగ్మతల నుంచి కోలుకున్నవారు తోటి రోగులకు చేసే సాయానికి, పేదల ఆరోగ్య పథకమైన మెడికెయిడ్ కింద డబ్బు చెల్లించడం మొదలుపెట్టింది. 2007 ఆగస్టులో కేంద్రం అన్ని రాష్ట్రాలకూ లేఖ రాస్తూ, వ్యసనం నుంచి కోలుకున్నవారు చేసే ఇలాంటి సేవకూ చెల్లించవచ్చంది. షరతులు మూడు: పర్యవేక్షణ, చికిత్సా సమన్వయం, శిక్షణతో కూడిన సర్టిఫికెట్టు. ‘పీర్’ అనే ఈ కొత్త పనివాడి మొదటి అర్హత, 1954లో విల్‌మార్‌లో రాసుకున్న పాత అర్హతే, తాను ఆ దారిన నడిచి వచ్చి ఉండటం. గంటల లెక్కా వెంటనే వెనకాలే వచ్చింది. ఐసీ అండ్ ఆర్సీ పీర్ సర్టిఫికెట్టుకు 46 గంటల శిక్షణ, 500 గంటల పని, 25 గంటల పర్యవేక్షణ అడుగుతుంది. ఇరవై గంటలకు ఒకటన్న పాత నిష్పత్తి అక్కడా మారలేదు. 2023లో కేంద్రం వెలువరించిన నమూనా ప్రమాణాలు మాత్రం, పేదవాడికీ జైలు నుంచి వచ్చినవాడికీ అన్ని గంటలు అడ్డుగోడ అవుతాయని చెప్పి, పర్యవేక్షణలో చేసే పని 120 గంటలు చాలన్నాయి. ఏ అంకె తీసుకోవాలన్నది యథాప్రకారం రాష్ట్రాల ఇష్టం.